ఊరి గోచర్, డొంక, చెరువు రాజకీయాలకి పోకుండా కాపాడుకోవడం: ఒడిశా బోర్డర్ తెలుగోళ్ల కోసం స్టెప్ బై స్టెప్

సర్కారు భూమి అనగానే మనోళ్లలో సగం మంది "సర్కారుదే కదా, వాళ్లిష్టం" అనేసి ఊరుకుంటారు. పశువులు మేసే బీడు (రికార్డులో గోచర్ అంటారు), చెరువు గట్టు, శ్మశానం, జాతర చేసే తోపు, పుల్లలు తెచ్చుకునే డొంక, ఇవన్నీ కాగితం మీద సర్కారు పేరునే ఉంటాయి గానీ వాడుక ఊరిది, ఆ వాడుకకి చట్టంలో బలం కూడా ఉంది. ఇది రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, జయపూర్ వైపు ఉన్న తెలుగోళ్ల కోసం రాస్తున్నా. ఆంధ్రా వైపు ఉన్నోళ్లకి తహసీల్దార్ ఆఫీసులో నోటీసు అంటిస్తే కనీసం చదవగలరు, మనకి ఇక్కడ ఒడియా మాట్లాడ్డం వస్తది గానీ చదవడం చాలామందికి రాదు, అందుకే నోటీసు కళ్లెదురుగా ఉన్నా గడువు దాటిపోయాక తెలుస్తది.

ఇంకోటేటంటే, మనం కదిలేది ఎప్పుడు? జేసీబీ దిగినప్పుడు. అప్పటికి అవ్వాల్సినవన్నీ అయిపోయుంటాయి, రికార్డులో భూమి రకం ఎప్పుడో మారిపోయుంటది, ఫైలు మీద సంతకాలు పడిపోయుంటాయి. కాబట్టి ఈ గైడ్ మొత్తం జేసీబీ రాకముందు చెయ్యాల్సిన పనుల గురించే, కోర్టు సంగతి చివర్లో కొంచెం చెప్తా.

స్టెప్ 1: ఏ భూమి ఏ ఖాతాలో ఉందో తీసి పెట్టుకోండి

ఫోన్‌లో భూలేఖ్ ఒడిశా సైట్ ఓపెన్ చేసి జిల్లా, తహసీల్, ఊరు సెలెక్ట్ చేస్తే ఖతియాన్ (భూమి హక్కుల రికార్డు) నంబర్‌తో గానీ ప్లాట్ నంబర్‌తో గానీ పేరుతో గానీ వెతకొచ్చు. రెండు పేజీలు వస్తాయి, ఫ్రంట్ పేజీలో ఖాతా ఎవరి పేరున ఉందో ఉంటది, బ్యాక్ పేజీలో ఒక్కో ప్లాట్ నంబరూ, దాని కిసమ్ (భూమి రకం), ఎకరాలు డెసిమల్స్ (ఎకరంలో నూరో వంతు) లెక్క ఉంటాయి. మనకి కావాల్సింది బ్యాక్ పేజీలో కిసమ్ అన్న కాలమ్. అంతా ఒడియా లిపిలో ఉంటది, ఇంట్లో ఒడియా మీడియం చదివే పిల్లలుంటే పక్కన కూచోబెట్టుకోండి, అరగంటలో అయిపోద్ది.

సర్కారు ఖాతాలు మామూలుగా నాలుగు రకాలు కనపడతాయి. రక్షిత ఖాతా అంటే ఫలానా పనికి అని కేటాయించి పెట్టిన భూమి, గోచర్ ఎక్కువగా ఇందులోనే ఉంటది. సర్వసాధారణ ఖాతా అంటే అందరూ వాడుకునేవి, బాట, చెరువు, శ్మశానం లాంటివి. మిగతా రెండూ అనాబాదీ ఖాతాలు: ఆబాద్ యోగ్య అనాబాదీ అంటే సాగుకి పనికొస్తది గానీ సాగులో లేనిది, ఆబాద్ అయోగ్య అనాబాదీ అంటే సాగుకి పనికిరానిది, కొండ, రాయి, వాగు. రాజకీయ నాయకులకైనా కంపెనీలకైనా ముందు కన్ను పడేది ఈ యోగ్య అనాబాదీ మీదే, ఎందుకంటే దాన్ని లీజుకిచ్చెయ్యడం తేలిక. రక్షిత ఖాతాలో ఉన్న గోచర్‌ని వేరే పనికివ్వాలంటే ముందు డీ-రిజర్వేషన్ చెయ్యాలి, అంటే ఆ కేటాయింపు రద్దు చెయ్యాలి, దానికి కేసు రికార్డు తెరవాలి, అభ్యంతరాలు పిలవాలి. ఇదంతా 1962 నాటి ఒడిశా గవర్నమెంట్ ల్యాండ్ సెటిల్‌మెంట్ యాక్ట్, దాని కింద 1983 రూల్స్ ప్రకారం జరగాలి. అంటే మీ బీడు ఏ ఖాతాలో ఉందన్నదాన్ని బట్టి మీకు ఎంత టైమ్ దొరుకుతుందో తేలుతుంది.

గ్రామ్య జంగల్, అంటే ఊరి అడవి, అని కిసమ్ ఉంటే అది వేరే లెక్క, దానికి అటవీ చట్టాలు వర్తిస్తాయి, దాని గురించి స్టెప్ 5లో చెప్తా.

చూసిన ప్రతి పేజీ ప్రింట్ తీసి తేదీ రాసి ఫైల్‌లో పెట్టండి, ఇది మాత్రం బద్ధకించొద్దు. రేపు కిసమ్ మారిస్తే "ఫలానా తేదీకి ఇలా ఉంది" అని చూపించడానికి అదే ఆధారం. ముఖ్యమైన రెండు మూడు ప్లాట్లకి తహసీల్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీలు కూడా తీయించండి, వెబ్‌సైట్ ప్రింట్‌ని కోర్టులో అంతగా పట్టించుకోరు.

పాత కాగితాలున్న ఇళ్లు కూడా వెతకండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం, కొరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి, కాబట్టి మన వైపు కొన్ని ఊళ్లలో తాతల నాటి తెలుగు కాగితాలు, జమీందారీ రసీదులు ట్రంకుపెట్టెల్లో ఇంకా దొరుకుతాయి. ఫలానా చెరువు ఊరుమ్మడిది అని చెప్పే కాగితం ఒక్కటి దొరికినా లామినేషన్ చేయించకండి, సిరా పాడైపోద్ది, మంచి స్కాన్ తీసి అసలుది కవర్లో పెట్టండి.

స్టెప్ 2: నడిచి చూడండి

భూనక్ష సైట్‌లో ఊరి మ్యాప్ దొరుకుతుంది, ఆ ప్రింట్ పట్టుకుని ఇద్దరు పెద్దోళ్లు, ఇద్దరు కుర్రాళ్లు, పశువులు కాసే ఒకరు కలిసి హద్దులు తిరగండి. పశువులు కాసేవాడు తప్పకుండా ఉండాలి, రాయి ఎక్కడుండేది ఎవడు జరిపాడు అన్నది వాడికి తెలిసినంత ఆర్‌ఐకి (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) కూడా తెలీదు. ఫోన్‌లో లొకేషన్, తేదీ పడేలా ఫొటోలు తియ్యండి: మేస్తున్న పశువులు, చెరువులో నీళ్లు, జాతర గద్దె, సమాధులు. "ఈ భూమి వాడుకలో లేదు, ఖాళీగా పడుంది" అన్నదే రేపు వాళ్ల ఫైల్లో మొదటి లైన్, దానికి జవాబు ఈ ఫొటోలు.

ఇక్కడో చేదు నిజం కూడా చెప్పాలి. హద్దులు తిరిగితే ఆక్రమించిన వాళ్లలో మనోళ్లు కూడా కనపడతారు, షాపు వెనకాల పది డెసిమల్స్ కలిపేసుకున్న సాహుకారులూ, గట్టు కొట్టేసి పొలంలో కలిపేసుకున్న రైతులూ. పైనోళ్లతో పోరాడతాం, వీళ్లని మాత్రం చూసీచూడనట్టు పోతాం అంటే కుదరదు, మొదటి మీటింగులోనే ఎదుటి పార్టీ వాడు ఆ పేర్లు చదువుతాడు. అలాగని ఇల్లు లేక గోచర్ అంచున గుడిసె వేసుకున్న కూలీల్ని టార్గెట్ చెయ్యకండి. 1972 నాటి ఒడిశా భూ ఆక్రమణ నిరోధక చట్టంలో భూమిలేని పేదలకి వేరే దారి ఉంది, వాళ్లని మీవైపు ఉంచుకోండి, లేకపోతే రేపు ఎమ్మెల్యే వాళ్లకి పట్టా ఆశ చూపించి మీమీదకే తోల్తాడు.

స్టెప్ 3: బెదిరింపు ఏ రూపంలో వస్తుందో గుర్తుపట్టండి

మీ బీడు లాక్కుంటాం అని ఏ నాయకుడూ చెప్పడు. స్కూలు బిల్డింగ్, కళ్యాణ మండపం, స్టేడియం, సోలార్, కోల్డ్ స్టోరేజి, ఇలా మంచి పేరుతోనే వస్తుంది, వద్దన్నోడు అభివృద్ధికి అడ్డం అయిపోతాడు. అందుకే అడగాల్సిన మొదటి ప్రశ్న "కావాలా వద్దా" అని కాదు, "ఏ ప్లాట్‌లో, ఎన్ని డెసిమల్స్, ఎవరి పేరున" అని అడగండి. రెండెకరాల స్కూలుకి పన్నెండెకరాల గోచర్ ఎందుకు మారుస్తున్నారని అడిగితే సగం గుట్టు అక్కడే బయటపడుద్ది.

రెండో రూపం ఎన్నికల ముందు పట్టా హామీలు. మూడోది పార్టీ ఆఫీసు, క్లబ్బు, గుడి. గుడి పేరుతో వచ్చిందంటే చాలా జాగ్రత్తగా ఉండాలి, భూమి గొడవ కాస్తా మతం గొడవ అయిపోద్ది. నాలుగోది ల్యాండ్ బ్యాంక్, పరిశ్రమలకి ఇవ్వడానికి సర్కారు భూముల్ని ముందే గుర్తించి పెట్టుకునే పద్ధతి, ఇందులో మీ ఊరి ప్లాట్ నంబర్లు ఉన్నాయో లేదో మీకు ఎవడూ వచ్చి చెప్పడు, మీరే అడిగి తెలుసుకోవాలి.

ఐదోది చట్టాన్నే మార్చడం. 2022 జూన్‌లో వచ్చిన అటవీ సంరక్షణ రూల్స్, ఆ తర్వాత 2023లో అటవీ సంరక్షణ చట్టానికి చేసిన సవరణ ఇలాంటివే. ఆ సవరణ 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లోకొచ్చింది, రికార్డుల్లో అడవిగా లేని చాలా భూములు దాని వల్ల చట్టం బయటికి పోతాయన్న భయంతో కొందరు సుప్రీంకోర్టుకి వెళ్తే, 2024 ఫిబ్రవరి 19న కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి 1996 గోదావర్మన్ తీర్పులో అడవి అన్న మాటకి చెప్పిన విస్తృత అర్థాన్నే పాటించమంది. ఒడిశాలో ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది: 2023 నవంబర్‌లో షెడ్యూల్డ్ ఏరియాలో (రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ఆదివాసీ ప్రాంతం) ఎస్టీల భూమి ఎస్టీ కానివాళ్లకి బదిలీ చేసేలా 1956 నాటి రెగ్యులేషన్‌ని సవరించాలని కేబినెట్ నిర్ణయం తీసుకుంది, వ్యతిరేకత వచ్చేసరికి కొద్ది రోజుల్లోనే పక్కన పెట్టేశారు. అది పట్టా భూముల సంగతే అనుకోండి, కానీ గట్టిగా అడిగితే వెనక్కి తగ్గుతారు అనడానికి ఉదాహరణ.

స్టెప్ 4: ఆర్‌టీఐ వెయ్యండి, కానీ తెలుగులో కాదు

సమాచార హక్కు చట్టం 2005 సెక్షన్ 6 ప్రకారం అర్జీ ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఆ ప్రాంత అధికార భాషలో గానీ ఉండాలి. మనకి ఇక్కడ అధికార భాష ఒడియా. తెలుగులో రాస్తే తిప్పి పంపుతారు, దానికి గొడవ పడి లాభం లేదు, టైమ్ వేస్ట్. రాయలేని వాళ్లు నోటితో చెప్తే పీఐఓ (ఆ ఆఫీసు సమాచార అధికారి) సాయం చేసి రాయించాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది. ఒడిశాలో ఫారం ఏ లో ఇవ్వాలి, గుర్తింపు కార్డు కాపీ పెట్టాలి, ఫీజు 10 రూపాయలు.

"ఫలానా భూమి గురించి అంతా ఇవ్వండి" అని రాస్తే ఏదీ రాదు. ఇలా అడగండి:

ఫలానా మౌజా (రెవెన్యూ గ్రామం), ఫలానా ఖాతా, ఫలానా ప్లాట్‌కి సంబంధించి ఇప్పటిదాకా డీ-రిజర్వేషన్ లేదా లీజు లేదా ఎలియనేషన్ (భూమి వేరేవాళ్లకి అప్పగించే) కేసు ఏదైనా తెరిచారా, తెరిస్తే కేసు నంబరు, ఆర్డర్ షీట్ కాపీ. ఆ కేసులో ఆర్‌ఐ ఇచ్చిన విచారణ రిపోర్టు కాపీ. అభ్యంతరాలు పిలుస్తూ ఇచ్చిన నోటీసు కాపీ, అది ఎక్కడ ఏ తేదీన అంటించారో చూపే రిపోర్టు. ఈ ప్లాట్ ల్యాండ్ బ్యాంక్ లిస్టులో ఉందా లేదా. ఫైలు నేను వచ్చి చూసుకోవడానికి తేదీ.

ఆఖరుది మర్చిపోవద్దు, ఫైలు తెరిచి చూసే హక్కు చట్టంలోనే ఉంది, చాలాసార్లు కాపీల కన్నా ఫైలు పేజీలు తిప్పితేనే ఎవరి ఫోన్ మీద ఏం కదిలిందో అర్థమవుతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, అదీ అవ్వకపోతే 90 రోజుల్లోపు భువనేశ్వర్‌లో ఇన్ఫర్మేషన్ కమిషన్‌కి రెండో అప్పీలు. గడువు దాటి ఇస్తే కాపీలకి డబ్బు తీసుకోకూడదు.

అర్జీ ఒకరి పేరునే వెయ్యొద్దు. ముగ్గురు నలుగురు వేరే వేరే ఊళ్ల నుంచి వేస్తే ఒకడి మీద ఒత్తిడి తేవడం కష్టం. ఆడవాళ్ల పేరున, గ్రూపు సభ్యుల పేరున వేస్తే ఇంకా మంచిది.

స్టెప్ 5: పల్లి సభ తీర్మానం, అసలు పని ఇదే

పల్లి సభ అంటే ఒక్కో పల్లె ఓటర్లందరూ కూర్చునే సభ, అటవీ హక్కుల విషయంలో గ్రామసభ అంటే మన దగ్గర ఇదే. దీని మీద కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే మిగతావన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

రాయగడ, కలహండి జిల్లాల్లోని నియమగిరి కొండల్లో బాక్సైట్ గని ఆగిన కథ మనకి తెలిసిందే గానీ చాలామందికి సగమే తెలుసు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది నేరుగా తేల్చలేదు, కొండ మీద జనానికున్న హక్కులు, పూజా హక్కులు గ్రామసభలే చెప్పాలంది. జులై ఆగస్టు నెలల్లో 12 పల్లి సభలు పెట్టారు, రాయగడ జిల్లాలో 7, కలహండిలో 5, జిల్లా జడ్జి స్థాయి అధికారి పరిశీలకుడిగా కూర్చున్నారు. 12కి 12 వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి తిరస్కరించింది. ఆ సభల్లో ఆ కొండల ఆదివాసీలు డొంగ్రియా కోదులు ఊరికే "వద్దు" అనేసి లేచిపోలేదు, ఈ వాగు మాది, ఈ కొండ మా దేవుడు నియమరాజు, ఇక్కడ ఇది పండిస్తాం, ఇక్కడ ఇది ఏరుకుంటాం అని చోటు చోటుగా చెప్పారు. మీ తీర్మానంలో కూడా అలాగే ఉండాలి.

తీర్మానం రాసేటప్పుడు ప్లాట్ నంబర్లు, విస్తీర్ణం, కిసమ్, ఏ కాలంలో ఎవరు ఎందుకు వాడతారు, ఎన్ని పశువులు మేస్తాయి, ఏ దేవత, ఏ నెలలో జాతర, అన్నీ రాయండి. చివర్లో "ఈ ప్లాట్ల కిసమ్ మార్చడానికి గానీ లీజుకివ్వడానికి గానీ ఈ పల్లి సభ ముందస్తు ఆమోదం లేకుండా వీల్లేదని తీర్మానించాం" అని పెట్టండి. బెదిరింపు ఏదీ లేని రోజుల్లో చేసిన తీర్మానానికి విలువ ఎక్కువ, ఎందుకంటే అప్పుడు ఎవడో రెచ్చగొట్టాడు అనడానికి ఉండదు.

1964 గ్రామ పంచాయితీ చట్టం ప్రకారం పల్లి సభకి ఆ పల్లి వార్డు మెంబరే అధ్యక్షత వహించాలి, కాబట్టి సర్పంచ్ ఎదురు తిరిగినా వార్డు మెంబర్ మీతో ఉంటే పని జరుగుద్ది. అటవీ హక్కుల విషయం అయితే కోరం ఎక్కువ కావాలి: సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో కనీసం మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఈ లెక్క తప్పితే రేపు కోర్టులో మొదట కొట్టేది అదే. కోతల సీజన్లో, విశాఖ, విజయవాడ పనులకి వలస పోయిన నెలల్లో సభ పెట్టొద్దు, కోరం రాదు.

తీర్మానం పంచాయితీ రిజిస్టర్లో ఎక్కిందో లేదో చూడండి, పీఈఓ (పంచాయితీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్) దగ్గర నుంచి సీలుతో కాపీ తీసుకోండి, సభ మొత్తం వీడియో తియ్యండి, సంతకాల పేజీలో ఖాళీ జాగా ఉంటే అడ్డంగా గీత కొట్టండి. ఖాళీ పేజీ మీద మాత్రం ఎవరడిగినా సంతకం గానీ వేలిముద్ర గానీ వెయ్యొద్దు, రేషన్‌కి అన్నా, ఇంటి బిల్లుకి అన్నా. సభ జరక్కుండానే జరిగినట్టు తీర్మానాలు పుట్టించారన్న ఆరోపణలు రాయగడ జిల్లా కాశీపూర్ వైపు సిజిమాలి బాక్సైట్ గనుల విషయంలో ఊళ్ల వాళ్లు గట్టిగా చేశారు, కాబట్టి మీ సభ వీడియో మీ దగ్గరుండడం మీకే మంచిది.

షెడ్యూల్డ్ ఏరియానా కాదా అన్నది కూడా చూసుకోండి. రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి, నబరంగ్‌పూర్ జిల్లాలు మొత్తం షెడ్యూల్డ్ ఏరియానే. గజపతి జిల్లాలో ఆర్.ఉదయగిరి తహసీల్, గుమ్మ, రాయగడ బ్లాకులు మాత్రమే, ఈ రాయగడ బ్లాకు వేరు, రాయగడ జిల్లా వేరు, కన్‌ఫ్యూజ్ కాకండి. ఈ ఏరియాల్లో 1996 పెసా చట్టం (షెడ్యూల్డ్ ఏరియాలకి పంచాయితీ చట్టం) ఉంది, భూసేకరణకి ముందు గ్రామసభని సంప్రదించాలంటది. ఒడిశాలో పెసాకి డ్రాఫ్టు రూల్స్ 2023లో గానీ బయటికి రాలేదు, అందుకే ఆఫీసర్లు "రూల్స్ లేవు కదా" అని దాటేస్తుంటారు. రూల్స్ లేకపోయినా చట్టం చట్టమే అని తీర్మానంలో సెక్షన్ 4 పేరు పెట్టి రాయండి. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 41 కూడా పక్కనే రాయండి.

ఇక గ్రామ్య జంగల్, అడవి భూమి ఉన్న ఊళ్లు 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక అటవీ వనరుల హక్కు, అంటే సీఎఫ్ఆర్‌కి ఫారం సీ వెయ్యాలి. ఇది ఇస్తే ఆ అడవిని కాపాడే హక్కు మీ గ్రామసభకి చట్టబద్ధంగా వస్తది. గ్రామసభ 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీ వేస్తుంది. ఆధారాల్లో పెద్దోళ్ల వాంగ్మూలం రాసి పెట్టడం, పాత బావులు, శ్మశానాలు, పూజా స్థలాలు చూపించడం కూడా చెల్లుతాయి, కనీసం రెండు రకాల ఆధారాలు పెట్టండి. క్లెయిమ్ ముందు సబ్ డివిజన్ కమిటీకి, తర్వాత కలెక్టర్ ఉండే జిల్లా కమిటీకి పోతుంది. ఏళ్లు పడుతుంది, నిజమే, కానీ క్లెయిమ్ పెండింగ్‌లో ఉన్నా అది ఒక అడ్డుకట్టే. స్కూలు, అంగన్‌వాడీ, రోడ్డు లాంటి 13 రకాల పనులకి హెక్టారు లోపు అడవి భూమి ఇవ్వాలన్నా గ్రామసభ సిఫార్సు కావాలని ఇదే చట్టం సెక్షన్ 3(2)లో ఉంది.

మిక్స్‌డ్ ఊళ్లలో ఒక మాట. "మీరు ఆంధ్రోళ్లు, మీకేటి హక్కు" అనేది నాయకుడి చేతిలో రెడీగా ఉండే ఆయుధం. సవర, కోదు, జాతాపు, ఒడియా వాళ్లు, మనం అందరం ఒకే కాగితం మీద సంతకాలు పెట్టాలి, ముందు నిలబడి మాట్లాడేది అక్కడి ఆదివాసీలు గానీ ఒడియా వాళ్లు గానీ అయితే మంచిది, మనం వెనక ఫైలు పని, టైపింగ్, బస్సు చార్జీలు చూసుకుందాం. నాయకత్వం మనకే కావాలని పట్టుబడితే రెండో మీటింగుకే చీలిక వస్తది.

స్టెప్ 6: అభ్యంతరం రాసి ఇవ్వడం

నోటీసు పడిందని తెలిసిన రోజే ఫొటో తీసి గడువు తేదీ చూడండి. తహసీల్, ఆర్‌ఐ ఆఫీసు, పంచాయితీ బోర్డులు వారానికి ఒకసారి చూసే డ్యూటీ ఒడియా చదవగలిగే ఒక కాలేజీ కుర్రాడికో అమ్మాయికో ఇవ్వండి. అర్జీ మేటర్ ముందు తెలుగులో రాసుకుని ఒడియాలోకి మార్పించుకోండి, ఇలా ఉంటే చాలు:

"తహసీల్దార్ గారికి. ఫలానా కేసు నంబరులో మా మౌజా ఫలానా ప్లాట్, ఇన్ని ఎకరాలు, కిసమ్ గోచర్, మార్చడానికి మీరు పిలిచిన అభ్యంతరాలకి ఇది మా జవాబు. ఈ ప్లాట్‌లో ఊరి పశువులు మేస్తున్నాయి, ఫొటోలు జత చేశాం. ఊళ్లో ఇంకో మేత భూమి లేదు. ఫలానా తేదీ పల్లి సభ ఆమోదం ఇవ్వలేదు, కాపీ జత చేశాం. ఊరుమ్మడి భూములు కాపాడాలని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. నిర్ణయం తీసుకునే ముందు మమ్మల్ని పిలిచి మా మాట వినాలి, స్థలం మా ముందే కొలవాలి."

రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద సీలు, తేదీ, డైరీ నంబరు వేయించుకోండి. తీసుకోనంటే స్పీడ్ పోస్టులో పంపండి, రిజిస్టర్డ్ పోస్టుని 2025లో అందులోనే కలిపేశారు. కాపీలు సబ్ కలెక్టర్‌కి, కలెక్టర్‌కి కూడా పెట్టండి, సోమవారం కలెక్టర్, ఎస్పీ కలిసి కూర్చునే గ్రీవెన్స్‌లో కూడా ఇవ్వొచ్చు, అక్కడ రిజిస్ట్రేషన్ నంబరు ఇస్తారు, అది దాచుకోండి. అందరూ వెళ్లి కేకలు వేసేకంటే ఐదుగురు వెళ్లి కాగితం ఇచ్చి నంబరు తెచ్చుకోవడమే ఎక్కువ పనికొస్తది, కేకలకి రసీదు ఇవ్వరు కదా.

స్టెప్ 7: పబ్లిక్ హియరింగ్ అయితే

గనులు, పెద్ద ప్లాంట్లు అయితే 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం కాలుష్య నియంత్రణ బోర్డు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి. కనీసం 30 రోజుల ముందు పేపర్లలో నోటీసు ఇవ్వాలి, సారాంశం స్థానిక భాషలో ఉండాలి, కలెక్టర్ గానీ ఏడీఎం స్థాయికి తగ్గని అధికారి గానీ కూర్చోవాలి, మొత్తం వీడియో తియ్యాలి, చివర్లో ఎవరేం అన్నారో చదివి వినిపించాలి.

మాట్లాడేటప్పుడు ఉపన్యాసం వద్దు. "రిపోర్టులో ఫలానా పేజీలో గోచర్ లేదన్నారు, ఇదిగో ఖతియాన్" అని చూపించండి. మైకు దొరకదనుకుంటే రాతపూర్వకంగా ముందే ఇచ్చెయ్యండి, అదీ రికార్డులోకి ఎక్కాలి. అడుగు పెట్టకుండా బాయ్‌కాట్ చెయ్యడం కొన్నిసార్లు పని చేస్తది, చాలాసార్లు "ఎవరూ వ్యతిరేకించలేదు" అని రాసుకోడానికి పనికొస్తది. బాయ్‌కాట్ చేసినా సరే రాతపూర్వక అభ్యంతరం మాత్రం ఇవ్వండి.

స్టెప్ 8: నాయకులతో ఎలా మాట్లాడాలి

ఎమ్మెల్యే దగ్గరికి వెళ్తే ఒక్క పేజీ, ఒక్క కోరిక. "గోచర్ కాపాడండి" అంటే "తప్పకుండా" అనేసి టీ ఇచ్చి పంపేస్తాడు. "ఫలానా కేసు నంబరు రద్దు చెయ్యమని కలెక్టర్‌కి మీ లెటర్‌హెడ్ మీద రాయండి" అంటే ఔననో కాదనో చెప్పాలి. కాదన్నా మనకి తెలిసినట్టే. ఎదుటి పార్టీ వాళ్ల దగ్గరికి కూడా అదే కాగితంతో వెళ్లండి, అసెంబ్లీలో ప్రశ్న వేయించమనండి. అసెంబ్లీలో అడిగిన ప్రశ్నకి డిపార్ట్‌మెంట్ రాతలో జవాబివ్వాలి, అది ఆర్‌టీఐ కన్నా గట్టి కాగితం.

పంచాయితీ ఎన్నికలప్పుడు సర్పంచ్ అభ్యర్థులందర్నీ కూర్చోబెట్టి పల్లి సభ తీర్మానం మీద సంతకం పెట్టించుకోండి. ఒక పార్టీకి ఊరంతా అంటుకుపోవద్దు, ఆ పార్టీ ఓడిపోతే మీ గోచర్ కూడా ఓడిపోయినట్టే.

చట్టాల సవరణ డ్రాఫ్టులు వచ్చినప్పుడు అభిప్రాయాలు పంపడానికి గడువిస్తారు. ఊరి పేరు, ప్లాట్ నంబరుతో రాసిన పది ఉత్తరాలు ఒకే మేటర్ కాపీ కొట్టిన వెయ్యి మెసేజీల కన్నా నయం. విలేకర్లకి ఫోన్ చేసేటప్పుడు ఒడియా పేపర్లకి ముందు చెయ్యండి, భువనేశ్వర్‌లో చదివేది అవే, తెలుగు చానెల్‌లో వస్తే శ్రీకాకుళంలో తెలుస్తది గానీ మన కలెక్టర్‌కి తెలీదు.

జాగ్రత్త మాట కూడా చెప్పాలి. 2000 డిసెంబర్ 16న కాశీపూర్ బ్లాకు మైకంచ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసీలు చనిపోయారు, మన వైపు ఇది ఎవరూ మర్చిపోలేదు. సెక్షన్ 163, అంటే పాత 144, పెట్టారేమో కనుక్కోకుండా గుంపుగా వెళ్లొద్దు. సర్వే రాళ్లు పీకడం, మెషిన్ మీద చెయ్యి వెయ్యడం చేస్తే భూమి కేసు కాస్తా క్రిమినల్ కేసు అయిపోద్ది, వాళ్లకి కావాల్సింది అదే. ఒక్కర్ని స్టేషన్‌కి పంపొద్దు, ఫోన్లో ఏం మాట్లాడినా రికార్డు అవుతుందనే లెక్కలో మాట్లాడండి. అదే ఎస్సీ ఎస్టీల అటవీ హక్కులకి ఎస్సీ ఎస్టీ కానివాళ్లు ఎవరైనా అడ్డం పడితే అది అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(జి) కింద నేరం, ఇది మన వైపు వాడాల్సిన సెక్షన్.

స్టెప్ 9: కోర్టు

ఎస్సీ, ఎస్టీలకి, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవల సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. కాబట్టి పిటిషనర్లలో వాళ్లు ఉండేలా చూసుకోండి. చెరువు కేసైతే 2001 హించ్ లాల్ తివారీ తీర్పు, గోచర్ అయితే జగ్‌పాల్ సింగ్ తీర్పు లాయర్‌కి గుర్తు చెయ్యండి, ఆ తీర్పులో కూడా భూమిలేని పేదలకి, ఎస్సీ ఎస్టీలకి ఇచ్చిన లీజులు, అప్పటికే ఉన్న స్కూలు ఆసుపత్రి లాంటివాటికి మినహాయింపు ఉందని గుర్తుంచుకోండి. పర్యావరణ అనుమతి మీద అయితే గ్రీన్ ట్రిబ్యునల్‌కి, మనకి కోల్‌కతా బెంచ్, 30 రోజుల్లో అప్పీలు వెయ్యాలి, సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇవ్వొచ్చు, అది దాటితే తలుపు మూసుకున్నట్టే. హైకోర్టు కటక్‌లో. పై స్టెప్పుల్లో తయారైన ఫైలు పట్టుకెళ్తే లాయర్ మొదటి రోజే డ్రాఫ్టు మొదలెడతాడు, ఉత్త చేతుల్తో వెళ్తే "ముందు కాగితాలు తెండి" అని మళ్లీ స్టెప్ 1కే పంపుతాడు.

మహారాష్ట్ర వైపు ఉన్నోళ్లకి

సిరోంచా, కిన్వట్, దెగ్లూర్ వైపు తెలుగోళ్లకి పద్ధతి ఇదే, పేర్లు మారతాయి. గోచర్ బదులు గాయ్‌రాన్, ఖతియాన్ బదులు సాత్ బారా, ఆర్‌ఐ బదులు తలాఠీ, అర్జీ మరాఠీలో. గాయ్‌రాన్ భూముల్ని ప్రజావసరాలకి తప్ప ఇవ్వొద్దని 2011 జులై 12న అక్కడి సర్కారు జీఆర్ (ప్రభుత్వ ఉత్తర్వు) ఇచ్చింది, ప్రతి అర్జీలో ఆ తేదీ రాయండి. పెసా రూల్స్ కూడా మహారాష్ట్రలో 2014లోనే వచ్చేశాయి కాబట్టి గడ్చిరోలి షెడ్యూల్డ్ ఊళ్లలో గ్రామసభకి ఉన్న బలం మనకన్నా ఎక్కువ. అదే జిల్లాలో మెండా లేఖా ఊరికి 2009లోనే సామూహిక అటవీ హక్కు వచ్చింది, సీఎఫ్ఆర్ ఫైలు ఎలా కట్టాలో, వచ్చాక అడవిని గ్రామసభ ఎలా నడుపుతుందో చూడాలంటే మీకు బస్సులో పోయేంత దూరంలోనే ఉంది, తీర్మానం రాసే ముందు నలుగురు వెళ్లి వాళ్ల రిజిస్టర్లు చూసి రండి.